పెన్‌డ్రైవ్‌లో పెట్టిన ఇంటి వీడియోలు టీవీలో ఎందుకు ఆడవు? ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఏ ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గాజువాకలో మీ ఇంట్లో నాలుగు రకాల వీడియోలున్నాయి: 2006 నాటి అక్కగారి పెళ్లి డీవీడీలు, నాన్నగారి హ్యాండీక్యామ్‌లోని ఎంటీఎస్ ముక్కలు, ఈమధ్య గృహప్రవేశానికి స్టూడియో వాళ్లు ఇచ్చిన ఫైళ్లు, మీ ఐఫోన్‌లో తీసినవి. అన్నీ పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి టీవీకి పెడితే కొన్నింటికి బొమ్మ వస్తోంది గానీ సౌండ్ రావట్లేదు, కొన్ని ఏవీఐ ఫైళ్లు అసలు లిస్టులోనే కనపడట్లేదు. లాప్‌టాప్‌లో వీఎల్‌సీలో మాత్రం అన్నీ శుభ్రంగా ఆడుతున్నాయి. కాబట్టి "అన్ని ఫార్మాట్లనీ సపోర్ట్ చేసే ఎన్‌కోడింగ్ సాఫ్ట్‌వేర్ ఏది?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఎన్‌కోడింగ్‌కి (అంటే వీడియోని మరో పద్ధతిలో కుదించి రాయడానికి) హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్ చాలు, ఉచితమే. దాంతో చేసుకోవాల్సింది ఎంపీ4 ఫైల్, అందులో హెచ్.264 వీడియో (8 బిట్, హై ప్రొఫైల్, లెవెల్ 4.1), ఏఏసీ స్టీరియో ఆడియో. ఈ మూడూ కలిసిన ఫైల్‌ని ఆడించలేని ఫుల్ హెచ్‌డీ టీవీ గానీ, ఫోన్ గానీ ఇప్పుడు దొరకడం కష్టం. (ప్రొఫైల్, లెవెల్ అంటే ఆ కుదింపు ఎంత క్లిష్టంగా ఉండొచ్చో చెప్పే హద్దులు.) అయితే తొందరపడి అన్నిటినీ అందులో వేసి మార్చేయకండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తుంటే కొన్నింటికి ఆడియో ఒక్కటి మారిస్తే సరిపోయేలా ఉంది, కొన్నింటిని అసలు ముట్టుకోనక్కర్లేదు. ముందు మీడియాఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్ దించుకుని ప్రతి రకం నుంచీ ఒక్కో ఫైల్‌ని అందులో తెరవండి. వీఎల్‌సీలోనైతే కంట్రోల్+జె నొక్కినా ముఖ్యమైన వివరాలు కనిపిస్తాయి.

ఎందుకంటే ఫైల్ పేరు చివర ఉండే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంటీఎస్, ఎంఓవీ ఇవన్నీ డబ్బాల పేర్లు. లోపల ఏముందో అవి చెప్పవు. మన ఇళ్లలో హార్లిక్స్ సీసాలో చింతపండు ఉంటుంది చూడండి, అదే సంగతి. లోపల ఉండేది కోడెక్, అంటే వీడియోనో ఆడియోనో కుదించే పద్ధతి. ఒకే ఎంపీ4 డబ్బాలో హెచ్.264 ఉండొచ్చు, హెచ్‌ఈవీసీ (హెచ్.265 అన్నా ఇదే) ఉండొచ్చు, ఏవీ1 ఉండొచ్చు. ఆడియో ఏఏసీ కావచ్చు, ఏసీ3 కావచ్చు, అసలు కుదించని పీసీఎం కూడా కావచ్చు. టీవీ మొరాయించేది సాధారణంగా లోపలి సరుకు దగ్గరే. పేరు మార్చి చివర ఎంపీ4 అని పెడితే డబ్బా కూడా మారదు, చీటీ ఒక్కటే మారుతుంది.

వీఎల్‌సీలో ఆడి టీవీలో ఆడకపోవడానికీ ఇదే కారణం. వీఎల్‌సీ తన డీకోడర్లన్నీ తనతోనే తెచ్చుకుంటుంది, మిగతా పని ప్రాసెసర్ చేస్తుంది. టీవీలో ఆ పని చేసేది ఒక చిప్. తయారైన రోజున అందులో ఏ కోడెక్‌లు పెట్టారో అవే ఎప్పటికీ. పైగా కంపెనీలు లైసెన్సులు కూడా తీసేస్తుంటాయి. శామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి డీటీఎస్ ఆడియో ఎత్తేసింది. అంతకుముందు కొన్న టీవీలో మాట వినిపించిన ఫైలే కొత్త టీవీలో మూగదైపోవడం అందుకే.

ఇక సాఫ్ట్‌వేర్ "సపోర్ట్ చేస్తుంది" అంటే రెండు వేర్వేరు జాబితాలు ఉంటాయి: చదవగలిగేవి, రాయగలిగేవి. హ్యాండ్‌బ్రేక్ చదివే జాబితా చాంతాడంత. లోపల ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీలు (రకరకాల కోడెక్‌లని చదివే ఉచిత కోడ్) ఉంటాయి కనుక డీవీ టేపు ఫైళ్ల దగ్గర్నుంచి పాత ఫోన్ల 3జీపీ దాకా తీసుకుంటుంది. హుద్‌హుద్ రోజుల్లో పాత ఫోన్లలో తీసిన ముక్కలేవైనా ఉంటే అవీ తెరుచుకుంటాయి. రాసే డబ్బాలు మాత్రం కొన్నే: ఎంపీ4, ఎంకేవీ, వెబ్‌ఎం లాంటివి. ఏవీఐ రాయదు. వీడియోని ఉన్నదున్నట్టు దాటించడం కూడా దానికి రాదు. ఆడియోని దాటిస్తుంది గానీ వీడియోని ప్రతిసారీ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ ఎంతో కొంత నాణ్యత పోతుంది, పోయింది తిరిగి రాదు. అందుకే దీనికి తోడుగా ఎవిడెమక్స్ కూడా పెట్టుకోండి. అందులో వీడియో అవుట్‌పుట్ "కాపీ" అని ఉంచి, ఆడియో ఒక్కటే ఏఏసీకి మార్చి, కింద ఎంపీ4 మక్సర్ (ఆ డబ్బాలో సర్దేది) ఎంచుకుని సేవ్ చేయొచ్చు. గంట వీడియో కూడా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, బొమ్మలో వెంట్రుకవాసి తేడా రాదు.

ఇప్పుడు మీ నాలుగు రకాలు.

స్టూడియో వాళ్ల ఫైళ్లు. మీ తలనొప్పి ఎక్కువగా ఇక్కడే. బొమ్మ ఉండి మాట లేదన్నవి ఎక్స్‌ఏవీసీ ఎస్ ఫైళ్లు అయ్యుండాలి. సోనీ కెమెరాల్లో ఇది మామూలు. వీడియో హెచ్.264, డబ్బా ఎంపీ4, కానీ ఆడియో మాత్రం పీసీఎం. ఎంపీ4లో పీసీఎంని చాలా టీవీలు పట్టించుకోవు. మీడియాఇన్ఫోలో ఆడియో దగ్గర పీసీఎం అని, వీడియో దగ్గర 8 బిట్ (ఎన్ని రంగు మెట్లున్నాయన్న లెక్క), 4:2:0 (రంగుని ఎంత తగ్గించి దాచారన్న లెక్క) అని కనిపిస్తే పైన చెప్పిన ఎవిడెమక్స్ పద్ధతి చాలు. అదే 10 బిట్ అనో 4:2:2 అనో ఉంటే కథ వేరు. హెచ్.264లో 10 బిట్ 4:2:2 అనేది ఎడిటింగ్ కోసం పుట్టిన రకం, దాన్ని టీవీ చిప్పులు డీకోడ్ చేయవు. అప్పుడు హ్యాండ్‌బ్రేక్‌లో పూర్తిగా ఎన్‌కోడ్ చేయక తప్పదు.

అసలు లిస్టులోనే రానివి ఏవీఐ ఫైళ్లు అన్నారు కదా. లోపల కానోపస్ హెచ్‌క్యూ గానీ హెచ్‌క్యూఎక్స్ గానీ ఉందేమో చూడండి. మన వైపు పెళ్లి వీడియోల ఎడిటర్లు చాలామంది వాడేది ఎడియస్, దాని సొంత కోడెక్ అది. ఎడిటింగ్‌లో చకచకా కదలడానికి చేసింది, సైజు భారీగా ఉంటుంది, ఏ టీవీకీ తెలియదు. హ్యాండ్‌బ్రేక్‌కి ఆ ఏవీఐ ఇస్తే చదువుతుంది. అంతకంటే తేలిక, స్టూడియోకి ఫోన్ చేసి "హెచ్.264 ఎంపీ4, 8 బిట్, 4:2:0, ఆడియో ఏఏసీ 48 కిలోహెర్ట్జ్‌లో ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేసివ్వండి" అని అడగడం. ఊరికే "టీవీలో వచ్చేలా ఇవ్వండి" అంటే మళ్లీ ఏదో ఒకటి చేతిలో పెడతారు. పెద్ద ఏవీఐని మాత్రం చెరపకండి. రేపు ఎప్పుడైనా మళ్లీ కత్తిరించాలన్నా, ఇంకో ఫార్మాట్ కావాలన్నా మీ దగ్గరున్న మేలైన కాపీ అదే.

హ్యాండీక్యామ్ ఎంటీఎస్. ఇది ఏవీసీహెచ్‌డీ. 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి తెచ్చిన పద్ధతి. లోపల హెచ్.264 వీడియో, సాధారణంగా ఏసీ3 ఆడియో, మన దేశంలో అమ్మిన కెమెరాల్లో ఎక్కువగా 1080 ఐ, సెకనుకి 50 ఫీల్డులు (ఫీల్డు అంటే సగం గీతలే ఉన్న బొమ్మ, ఇలా సగం సగంగా తీయడమే ఇంటర్‌లేస్). చాలా టీవీలు దీన్ని నేరుగా ఆడిస్తాయి. ఆడితే అలాగే వదిలేయండి, సైజు తగ్గుతుందని ఎన్‌కోడ్ చేయకండి. ఇబ్బందల్లా ముక్కలతోనే. కార్డు ఫార్మాట్‌కి ఉన్న ఫైల్ సైజు పరిమితి వల్ల ఒకే షాట్ రెండు మూడు ఫైళ్లుగా తెగుతుంది. వాటిని విడివిడిగా మార్చి తర్వాత అతికిస్తే అతుకు దగ్గర మంగళవాద్యం క్షణంపాటు తెగుతుంది. ముందు అతికించాలి, తర్వాతే మార్చాలి. టీఎస్‌మక్సర్‌లో మొదటి ముక్క తెరిచి, "జాయిన్"తో మిగిలినవి వరుసగా కలిపితే ఎన్‌కోడింగ్ లేకుండా ఒకటే ఫైల్ అవుతుంది.

ఫోన్లో చూడ్డానికి వీటిని మార్చాల్సివస్తే డీఇంటర్‌లేస్ (ఆ ఫీల్డులని పూర్తి ఫ్రేములుగా చేయడం) మర్చిపోవద్దు. లేకపోతే చేతులు ఊపినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి, ఒకసారి ఎన్‌కోడ్ అయ్యాక అవి పోవు. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్స్ ట్యాబ్‌లో బీడబ్ల్యూడిఫ్ ఎంచుకోండి. దాని కింద "బాబ్" పెడితే 50 ఫీల్డులూ 50 ఫ్రేములై కదలిక మెత్తగా వస్తుంది. అప్పుడు 1080కి లెవెల్ 4.1 సరిపోదు, 4.2 పెట్టాలి. మీ టీవీ పాతదైతే బాబ్ వద్దు, మామూలు 25 ఫ్రేములే ఉంచండి.

పెళ్లి డీవీడీలు. ఫార్మాట్ కంటే ముందు డిస్కు సంగతి చూడండి. మన సముద్రపు ఊరి తేమలో ఇరవై ఏళ్లుగా ఉన్న డీవీడీ-ఆర్ ఇంకా చదవడమే గొప్ప. డిస్కు నుంచి నేరుగా ఎన్‌కోడ్ చేయకండి. మధ్యలో చదవలేని చోటు వస్తే ఎన్‌కోడింగ్ ఆగిపోతుంది, లేదా అక్కడ కొన్ని సెకన్లు ఎగిరిపోతాయి, మీరు గమనించరు. ముందు ఇమ్జ్‌బర్న్‌లో ఐఎస్ఓగా (డిస్కు మొత్తానికీ ఒకే ఫైల్ నకలు) హార్డ్‌డిస్క్‌కి దించండి. చదవకపోతే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ కాదు. అదే డిస్కు ఒక డ్రైవ్‌లో చదవక ఇంకో డ్రైవ్‌లో చదవడం మామూలే, కాబట్టి తెలిసినవాళ్ల పాత డెస్క్‌టాప్ కూడా ఒకసారి ప్రయత్నించండి.

హ్యాండ్‌బ్రేక్‌కి వీఓబీ ఫైళ్లు ఒక్కొక్కటీ ఇవ్వకండి. ఒకే కార్యక్రమం ఒక్కో జీబీ చొప్పున ముక్కలై ఉంటుంది, వాటి వరుస వీడియో_టీఎస్ ఫోల్డర్‌లోని ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటుంది. మొత్తం ఫోల్డర్ గానీ ఐఎస్ఓ గానీ ఇస్తే టైటిళ్లూ చాప్టర్లూ సరిగ్గా వస్తాయి. మన డీవీడీలు పాల్ పద్ధతి: 720 బై 576, 25 ఫ్రేములు, సాధారణంగా ఇంటర్‌లేస్డ్. ఇక్కడ కూడా డీఇంటర్‌లేస్ పెట్టాలి. డైమెన్షన్స్ ట్యాబ్‌లో అనామార్ఫిక్‌ని (చూపించేటప్పుడు వెడల్పు సరిచేసుకోమని ప్లేయర్‌కి ఇచ్చే సూచన) "ఆటోమేటిక్" అని వదిలేస్తే టీవీలో సరిపోతుంది. కొన్ని ప్లేయర్లు ఆ సూచన పట్టించుకోక పెళ్లికూతుర్ని పీలగానో లావుగానో చూపిస్తాయి. అలా జరిగితే అనామార్ఫిక్ తీసేసి, 4:3 డీవీడీకి 768 బై 576, 16:9 డీవీడీకి 1024 బై 576 పెట్టండి. 1080కి సాగదీసి ఎన్‌కోడ్ చేస్తే కొత్త వివరం ఏమీ పుట్టదు. ఆ సాగదీత టీవీ ఎలాగూ చేస్తుంది, మీరూ చేస్తే ఫైల్ బరువెక్కడం ఒక్కటే మిగులుతుంది.

ఐఫోన్ వీడియోలు. 2017లో ఐఓఎస్ 11తో హెచ్‌ఈవీసీ వచ్చింది. 4కే టీవీలు ఎక్కువ భాగం దీన్ని ఆడిస్తాయి, పాత ఫుల్ హెచ్‌డీ టీవీలు ఆడించవు. ఐఫోన్ 12 నుంచి హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని ఎక్కువగా పట్టే రికార్డింగ్) కూడా ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఏమీ ఆలోచించకుండా 8 బిట్ హెచ్.264కి మారిస్తే రంగులు వెలిసిపోయి, ముఖాలు బూడిద పూసినట్టు వస్తాయి. హ్యాండ్‌బ్రేక్ కొత్త వెర్షన్‌లో ఫిల్టర్స్‌లో కలర్‌స్పేస్‌ని బీటీ.709 (మామూలు హెచ్‌డీ టీవీ రంగుల ప్రమాణం) పెట్టి చూడండి. ఇకపై తీసేవాటికైతే సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియో దగ్గర హెచ్‌డీఆర్ ఆపేసి, ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకుంటే గొడవే లేదు. ఇంకో సంగతి, ఫోన్లు స్థిరమైన ఫ్రేమ్‌రేటుతో తీయవు, వెలుతురుని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఎడిటింగ్‌లో పెదాలకీ మాటకీ పొంతన తప్పేది ఇందుకే. వీడియో ట్యాబ్‌లో "కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్" టిక్ చేస్తే సరి. బంధువులు వాట్సాప్‌లో పంపినవాటిని మెరుగుపరచాలని కష్టపడకండి, అవి అక్కడే పిండేశాక వచ్చినవి. డాక్యుమెంట్‌గా పంపమనండి, ఉన్నదున్నట్టు వస్తుంది, 2 జీబీ దాకా.

ఇక హ్యాండ్‌బ్రేక్‌లో అంకెలు. సమ్మరీలో ఎంపీ4. వీడియోలో హెచ్.264 (ఎక్స్264), ప్రీసెట్ "మీడియం" లేదా "స్లో", ప్రొఫైల్ హై, లెవెల్ 4.1. లెవెల్ ఖాళీగా వదిలి ప్రీసెట్‌ని "వెరీ స్లో"కి లాగితే ఎన్‌కోడర్ 16 రిఫరెన్స్ ఫ్రేముల (పోలిక కోసం గుర్తుపెట్టుకోవాల్సిన ఫ్రేములు) దాకా వాడుతుంది. 1080లో లెవెల్ 4.1 ఒప్పుకునేది 4. పాత టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరిపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఆడియో ఏఏసీ, స్టీరియో, 160 కిలోబిట్లు. నాదస్వరం, సంగీతం ఎక్కువగా ఉంటే 192 పెట్టండి.

నాణ్యతకి ఆర్ఎఫ్ అనే అంకె ఉంటుంది. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది, చాలామంది తలకిందులుగా అనుకుంటారు. డీవీడీకి 18 నుంచి 20, 1080కి 20 నుంచి 22 పెట్టండి. ఎక్స్264లో ఆరు అంకెలు తగ్గిస్తే సైజు సుమారు రెట్టింపవుతుంది. అదే అంకెకి అన్ని వీడియోలూ ఒకే సైజు రావు, అందులో తప్పేమీ లేదు. ఎన్‌కోడర్ ముందు ఫ్రేములో ఉన్నదాన్ని జరిపి తర్వాతి ఫ్రేము కట్టుకుంటుంది. పురోహితుడు కూర్చుని మంత్రాలు చదువుతున్న పది నిమిషాలు దానికి దాదాపు ఉచితం. తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి ఎన్‌కోడర్‌కి చుక్కలు కనపడతాయి: వేల బియ్యపు గింజలు, ప్రతి ఫ్రేములోనూ కొత్త చోట. ఆర్‌కే బీచ్‌లో అలల నురగ కూడా ఇంతే, ముందు ఫ్రేము నుంచి అరువు తెచ్చుకోవడానికి ఏమీ దొరకదు. సగటు బిట్‌రేటు కట్టి ఒకే విడతలో ఎన్‌కోడ్ చేస్తే సరిగ్గా ఇలాంటి చోట్లే బొమ్మ పలకలు పలకలుగా విరుగుతుంది. ఆర్ఎఫ్ పద్ధతిలో కావలసినచోట కావలసినన్ని బిట్లు ఖర్చవుతాయి.

హోమం పొగ, అరకు మంచు సమస్య ఇంకో రకం. మెల్లగా మారే బూడిదరంగు 8 బిట్‌లో మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆర్ఎఫ్ 18కి దించితే కొంత తగ్గుతుంది. మీ టీవీ 4కే అయితే ఆ ఒక్క ఫైల్‌ని హెచ్.265 10 బిట్‌లో చేయండి, మెట్లు బాగా తగ్గుతాయి. ఎర్ర పట్టుచీర అంచు అలుక్కుపోయినట్టు కనిపించడం మాత్రం ఆర్ఎఫ్‌తో పోదు. 4:2:0లో రంగు రిజల్యూషన్ వెలుగు రిజల్యూషన్‌లో పావు వంతే ఉంటుంది, ముదురు ఎరుపులో అది బయటపడుతుంది.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ కొన్ని టీవీలు చదవవు. లెక్క తేలిక: సెకనుకి ఎన్ని మెగాబిట్లో, దాన్ని సెకన్లతో గుణించి 8తో భాగిస్తే మెగాబైట్లు. రెండు గంటల వీడియో 4 మెగాబిట్లకి 3,600 మెగాబైట్లు, ఆడియో 160 కిలోబిట్లకి ఇంకో 144. మొత్తం 3,744, కచ్చితంగా పడుతుంది. ఇలా సైజు కట్టుబాటు ఉన్నప్పుడు మాత్రం ఆర్ఎఫ్ వదిలేసి, యావరేజ్ బిట్‌రేట్ 4000 పెట్టి మల్టీ-పాస్ టిక్ చేయండి. నన్నడిగితే, అంత పిండేకంటే ముహూర్తం ఒక ఫైల్, విందు ఒక ఫైల్‌గా విడగొట్టడం మేలు.

లాప్‌టాప్‌లో ఎన్‌వీఎన్‌క్ గానీ క్విక్ సింక్ గానీ (గ్రాఫిక్స్ చిప్‌తో ఎన్‌కోడ్ చేసే పద్ధతులు) కనిపిస్తే పని చాలా వేగంగా అవుతుంది, కానీ అదే నాణ్యతకి ఫైల్ పెద్దదవుతుంది. వాట్సాప్‌లో పంపడానికి అవి చాలు, దాచుకునే పెళ్లి వీడియోకి ఎక్స్264తో రాత్రంతా పట్టినా ఫర్వాలేదు. ఆ రాత్రి కరెంటు పోతే మాత్రం సగంలో ఆగిన ఎంపీ4 తెరుచుకోదు, దాని సూచిక చివర్లో రాస్తారు కాబట్టి. ఎంకేవీ అయితే ఆగినంతవరకూ సాధారణంగా ఆడుతుంది. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే ఎంకేవీకి ఎన్‌కోడ్ చేసి, ఉదయం ఎవిడెమక్స్‌లో రెండూ కాపీ పెట్టి ఎంపీ4లోకి మార్చుకోండి.

తెలుగు సబ్‌టైటిల్స్ లేదా పేర్లు ఉంటే విడి ఎస్ఆర్‌టీగా (సబ్‌టైటిల్స్ ఉండే టెక్స్ట్ ఫైల్) ఇవ్వకండి. చాలా టీవీల్లో తెలుగు ఫాంట్ ఉండదు, గళ్లు వస్తాయి. ఉన్నా ఒత్తులు ఊడి పక్కన పడతాయి. యూటీఎఫ్-8లో సేవ్ చేసి, హ్యాండ్‌బ్రేక్ సబ్‌టైటిల్స్ ట్యాబ్‌లో "బర్న్ ఇన్" పెడితే అక్షరాలు బొమ్మలో కలిసిపోతాయి.

యూట్యూబ్‌కి ఈ టీవీ ఫైల్ ఎక్కించకండి, అసలు ఫైలే ఇవ్వండి, వాళ్లు ఎలాగూ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తారు. అప్‌లోడ్ మరీ భారమైతే 1080, 25 లేదా 30 ఫ్రేములకి వాళ్లు సూచించేది 8 మెగాబిట్లు, స్టీరియో ఆడియోకి 384 కిలోబిట్లు.

మొత్తం క్యూలో పెట్టేముందు ఒక్కో రకం నుంచి 30 సెకన్లు చేసి చూడండి. హ్యాండ్‌బ్రేక్‌లో పైన రేంజ్ దగ్గర "సెకండ్స్" ఎంచుకుని తలంబ్రాలు మొదలయ్యే నిమిషం ఇవ్వండి. అది పెన్‌డ్రైవ్‌లో వేసి మీ టీవీలోనే ఆడించండి, లాప్‌టాప్‌లో కాదు. అప్పటికీ ఏదైనా ఆడకపోతే, ఆ ఫైల్ మీడియాఇన్ఫో వివరాలూ టీవీ మోడల్ నంబరూ ఇక్కడే కింద పెట్టండి, చూసి చెబుతాను.